పేరు లేని పిల్ల, సొరపాదు

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ పెరడు పెంచుకునేవి. జంతువులకు పెరడేమిటని నవ్వకండర్రా. పెరడు ఉండి కూడా ఒక్క మొక్క నాటని వాళ్ళం మనం, వాళ్ళను చూసి నవ్వే ముఖమా మనది? ఆ అడవిలో గుహ ముందు, పుట్ట పక్కన, పొద చాటున, ఎవరికి ఎంత చోటు ఉంటే అంతలో ఏదో ఒకటి పండించుకునేవారు.

ఆ అడవికి ఒక ఆచారం ఉండేది. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఆ బిడ్డ కోసం ఒక సొరగింజ పాతేవారు. పాదు అల్లుకుని, పూసి, తొలికాయ కాసిన రోజున అందరూ ఆ ఇంటికి వచ్చేవారు. ఆ కాయతో పాయసం వండేవారు. ఆ రోజే బిడ్డకు పేరు పెట్టేవారు. పేరు పెట్టేది అమ్మా కాదు, నాన్నా కాదు. ఆ పాదు బతకడానికి ఎవరు ఎక్కువ సాయపడితే వాళ్ళే పేరు పెట్టాలి. అందుకే అక్కడ పేర్లన్నీ కాస్త వింతగా ఉండేవి. కాయ కాసేదాకా మాత్రం బిడ్డకు పేరుండదు. "పిల్లా" అని పిలుస్తారు, అంతే.

ఆ అడవిలో వానమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆమె పుట్టింటి అడవిలోనూ ఇదే ఆచారం. ఆమె చిన్నప్పుడు పాదు ఎండిపోబోతే ఒక కప్ప గొంతు చించుకుని అరిచి వానను పిలిచిందట. అందుకని ఆ కప్పే ఆమెకు వానమ్మ అని పేరు పెట్టింది. ఇప్పుడు వానమ్మకూ ఒక పిల్ల ఉంది. పిల్లకు తండ్రి లేడు. బిడ్డ కడుపులో ఉండగానే అతను ఒక మంచి సొరకాయ చూసి, బాగా ముదిరిన గింజ ఎంచి, ఆకులో చుట్టి వానమ్మ చేతికిచ్చాడు. "మన బిడ్డ పేరు ఇందులోనే ఉంది, జాగ్రత్త" అన్నాడు. ఆ తరువాత దుంపల కోసమని వాగు దాటబోయి వరదలో కొట్టుకుపోయాడు. ఆ గింజే ఇప్పుడు పాదయింది.

వానమ్మ ఆ పాదును ఎలా చూసుకునేదో చెప్పాలా? పొద్దున్నే లేచి పిల్ల ముఖం చూసేది, ఆ వెంటనే పాదు ముఖం చూసేది. ఎండ పెరిగితే దానికి నీడ పట్టేది. గాలి వీస్తే పందిరి గుంజ పట్టుకుని నిలబడేది.

పిల్లకేమో పేరు ఎప్పుడొస్తుందా అని తొందర. ఎందుకంటే, ఆ అడవి పిల్లలు రోజూ దాగుడుమూతలు ఆడేవారు. దొంగ వెతుకుతూ వచ్చి, దాక్కున్నవాళ్ళను చూడగానే పేరు పెట్టి పిలవాలి. "బూరుగూ, దొరికావ్!" అని అరవాలి. పేరు పిలిస్తేనే దొరికినట్టు. మరి పేరు లేని పిల్లను ఎలా పిలుస్తారు?

గరిక అనే కుందేలు పిల్ల ఒకసారి ముళ్ళపంది పిల్లతో అంది, "నువ్వు కూడా దాక్కో. కానీ నిన్ను పట్టుకోవడం కుదరదు కదా, ఏమీ అనుకోకు."

పిల్ల ఏమీ అనుకోలేదు. అంటే, పైకి ఏమీ అనలేదు. వెళ్ళి సొరపాదు కింద దాక్కునేది. ఆట అయిపోయి అందరూ ఇళ్ళకు పోయినా అక్కడే కూర్చునేది. వెల్లకిలా పడుకుని, ఆకుల కింది వైపు చూస్తూ, తనకు తానే కథలు చెప్పుకునేది. ఎవరూ వెతకని చోట కూర్చోవడం ఎంత దిగులుగా ఉంటుందో మీకు తెలుసు కదూ.

ఇలా ఉండగా పాదుకు జబ్బు చేసింది. ఆకులు ముడుచుకుపోయాయి. లేత చివుళ్ళు వంకర్లు తిరిగాయి. ఆకుపచ్చ రంగు పోయి పసుపు రంగు వచ్చింది. ముట్టుకుంటే చేతికి జిగురు అంటుకుంది.

వానమ్మ గుండె జారిపోయింది. "అయ్యో, ఇది ఆయన ఇచ్చిన గింజ! ఇది పోతే మళ్ళీ ఎక్కడ తెచ్చేది?" అని పరుగు తీసింది.

పిల్ల వెనకాలే పరుగెత్తి, "అమ్మా, ఆకు కింద..." అంది.

"ఉండవే పిల్లా, నేను పనిలో ఉన్నాను" అంది వానమ్మ.

మొదట మేక ఇంటికి వెళ్ళింది. మేక మంచి మనసున్నది. ఇంట్లో పాడి ఉంది, అడిగినవాళ్ళకు లేదనదు.

"వదినా, మా సొరపాదుకు జబ్బు చేసింది. ఏదైనా మందు చెప్పు!"

"ఆకుల మీద తెల్లగా బూడిద చల్లినట్టు ఉందా?" అని అడిగింది మేక. "అలా ఉంటే పుల్లటి మజ్జిగ చల్లాలి. మా ఇంట్లో బాగా పులిసింది ఉంది. అయితే చూడు..."

"ఇవ్వు వదినా, ఇవ్వు!" అని వానమ్మ మజ్జిగ ముంత లాక్కుని బయలుదేరింది.

"ఓసి వానమ్మా, మిగతాది విని వెళ్ళవే!" అని మేక గుమ్మంలోంచి కేకేసింది. వింటే కదా.

దారిలో పిల్ల మళ్ళీ అంది, "అమ్మా, ఆకు కింద చిన్న చిన్న..."

"ఉండవే పిల్లా, మజ్జిగ ఒలికిపోతుంది" అంది వానమ్మ.

తరువాత ఎలుగుబంటి ఇంటికి వెళ్ళింది. ఎలుగుబంటి వంటల్లో ఘనుడు. ఆయన కారం వాసనకు తుమ్మని జంతువు ఆ అడవిలో లేదు.

"అన్నా, మా సొరపాదుకు జబ్బు చేసింది. ఏదైనా మందు చెప్పు!"

"ఆకులకు బెజ్జాలు పడ్డాయా చెల్లీ? గొంగళిపురుగు కొరికిందంటే పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి ఆ రసం చల్లాలి. ఇదిగో, ఇప్పుడే నూరాను. కాకపోతే ఇది అసలే..."

"నీ మేలు మరిచిపోను అన్నా!" అంటూ వానమ్మ ఆ ముంత కూడా చంకన పెట్టుకుంది.

ఎలుగుబంటి నోరు తెరిచి ఉండగానే ఆమె మలుపు తిరిగింది. ఆయన చేసేది లేక నోరు మూసుకున్నాడు.

దారిలో పిల్ల మూడోసారి అమ్మ తోక పట్టుకుని గుంజింది. "అమ్మా, ఆకు కింద చిన్న చిన్న పచ్చ పురుగులు..."

"ఉండమన్నానా! నీ పేరు కోసమే కదే ఇదంతా!" అని వానమ్మ కసురుకుంది. పిల్ల తోక వదిలేసింది.

చివరికి కాకి గూటి దగ్గరికి వెళ్ళింది. ఆ కాకి అడవంతా తిరిగి వేపపళ్ళు తిని, గింజలు ఎండబెట్టి దాచుకునేది.

"పిన్నీ, మా సొరపాదుకు జబ్బు చేసింది. ఏదైనా మందు చెప్పు!"

కాకికి చెప్పడమంటే సరదా. రెక్కలు సవరించుకుని మొదలుపెట్టింది. "వేపగింజలు దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. పొద్దున పిండి వడకట్టాలి. అందులో కాస్త కుంకుడు నురుగు కలిపితే ఆకుకు అంటుకుంటుంది. ఆ తరువాత, ఇది బాగా గుర్తుపెట్టుకో..."

"నీ దగ్గర నానబెట్టింది ఉందా పిన్నీ?"

"ఉందనుకో. అయితే..."

కాకి 'అయితే' అనేలోపు కుండ కూడా లేదు, వానమ్మా లేదు.

ఇంటికి వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద మాడ్చేస్తోంది. వానమ్మ ఒక పెద్ద కుండ తీసింది. మజ్జిగ పోసింది. మిరప, వెల్లుల్లి రసం పోసింది. వేప కషాయం పోసింది. మూడు మందులూ మంచివే, మూడూ కలిస్తే మూడింతలు మంచిది కదా అనుకుంది. ఆ లెక్క నిజమైతే మన అమ్మలు పాయసంలో ఆవకాయ కలిపేవాళ్ళే. కానీ ఆమెను తప్పు పట్టకండి. బిడ్డకు జబ్బు చేసిన తల్లికి లెక్కలు తోచవు.

ఒక వేపమండ తీసుకుని, కుండలో ముంచి, చుక్క నీళ్ళు కలపకుండా, పాదంతా తడిసి ముద్దయ్యేలా చల్లింది. వేళ్ళ దాకా పోసింది. కుండ ఖాళీ అయ్యాక చేతులు జోడించి, "ఇక కోలుకో తల్లీ" అంది.

సాయంత్రానికి ఆకులు వేలాడిపోయాయి. మర్నాటి పొద్దుటికి ఆకుల అంచులు నల్లబడి కరకరలాడాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనం అంటూ ఉంటాం. పాపం వానమ్మకు ఆకులే కాలిపోయాయి.

ఆమె పాదు ముందు కూలబడి ఏడ్చింది. "చీడ చంపలేదు, నేనే చంపుకున్నాను. నా చేతులతో నేనే. నా బిడ్డ పేరు నేనే కాల్చేశాను" అని ఏడ్చింది.

ఆ ఏడుపు విని మేకా, ఎలుగుబంటీ, కాకీ వచ్చారు. మేక కోపంగా వచ్చింది. "ఆత్రగాడికి బుద్ధి మట్టం అని ఊరికే అన్నారా..." అని మొదలుపెట్టింది. వానమ్మ ముఖం చూసి ఆ మాట మింగేసింది. వచ్చి పక్కన కూర్చుంది. ముళ్ళు గుచ్చుకుంటున్నా జరగలేదు.

"గ్లాసు మజ్జిగకు కుండెడు నీళ్ళు కలపాలమ్మా. అదే చెప్పబోయాను" అంది మేక.

"నా రసం అసలే ఘాటు. నీళ్ళలో పలచగా చేసి, ముందు ఒక్క ఆకు మీద చల్లి చూడాలని చెప్పబోయాను" అన్నాడు ఎలుగుబంటి. ఆయన ముక్కు చీదుకుంటే పందిరి కదిలింది.

"ఎండలో చల్లకూడదని చెప్పబోయాను. ఏ మందయినా చల్లపూటే చల్లాలి" అంది కాకి.

వానమ్మ తల వంచుకుని అంతా వింది. ఈసారి మధ్యలో లేవలేదు.

అందరూ కలిసి నీళ్ళు మోసుకొచ్చి పాదును కడిగారు. మొదలు దగ్గర కాస్త మట్టి తీసి కొత్త మట్టి పోశారు. అప్పుడు కాకి ఎగిరి చూసి, "ఒసేయ్, ఒక్క తీగ ఉంది!" అని అరిచింది. నిజమే. ఒక తీగ పందిరి దాటి పక్కనున్న రేగు పొదలోకి పాకింది. దాని మీద వానమ్మ మందు పడలేదు. అది పచ్చగానే ఉంది. చివర్లో ఒక చిన్న మొగ్గ కూడా ఉంది. మొగ్గ కింద చిటికెన వేలి గోరంత పిందె. కానీ ఆ తీగ ఆకులు కూడా అప్పుడప్పుడే ముడుచుకుంటున్నాయి.

వానమ్మ ముగ్గురి వైపూ తిరిగింది. "ఇప్పుడేం చల్లాలి? చెప్పండి, ఏం చల్లాలి?"

అప్పుడు వెనక నుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది.

"అమ్మా, ఇప్పుడు చెప్పనా?"

వానమ్మ వెనక్కి తిరిగింది. పిల్ల భయం భయంగా నిలబడి ఉంది. తల్లికి ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. పాదు దగ్గర, దారిలో, తోక గుంజినప్పుడు. దగ్గరికి పిలిచి, "చెప్పు తల్లీ, చివరిదాకా వింటాను" అంది.

"పైన చూస్తే ఏమీ కనపడదమ్మా. ఆకు కింద చూడాలి. నేను రోజూ పాదు కింద పడుకుంటాను కదా, అందుకే నాకు తెలుసు" అంది పిల్ల.

వానమ్మ ఒక ఆకు తిరగేసింది. కింద పచ్చటి పురుగులు, పేలంత చిన్నవి, గుంపులు గుంపులుగా అతుక్కుని రసం పీలుస్తున్నాయి.

"పేనుబంక!" అంది కాకి. "బూడిద తెగులూ కాదు, గొంగళీ కాదు. మన ముగ్గురి మందుల్లో రెండు దీనికి అవసరమే లేదు."

"ఎవరది, మా ఆవులను కదిలిస్తున్నది?" అని కింద నుంచి ఒక కేక వచ్చింది. చూస్తే ఒక చీమ, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఇవి మా పాడి. వీటి తీపి బంకే మా పిల్లలకు పాలు. వీటి జోలికి ఎవరొచ్చినా కుడతాం!"

ఇంకొకరయితే ఆ చీమను నలిపేసేవారు. వానమ్మ అలా చేయలేదు. "అమ్మా, నీ పిల్లల ఆకలి నాకు తెలుసు. కానీ నీ ఆవులు మేస్తున్నది నా పిల్ల పేరు" అంది.

ఎలుగుబంటి గొంతు సవరించుకుని, "పుట్ట దగ్గర రోజూ ఒక చుక్క తేనె వేస్తాను. పాదు ఎక్కడం మానేస్తారా?" అని అడిగాడు. తేనె అనగానే చీమ నడుం మీది చేతులు దిగాయి. మీసాలు తిప్పుతూ ఆలోచించి సరేనంది. అయినా చీమ మాట చీమదే, జాగ్రత్త మనదే కదా. వానమ్మ పొయ్యిలోని బూడిద తెచ్చి పాదు మొదలు చుట్టూ గిరి గీసినట్టు పోసింది. పొడి బూడిద దాటి చీమ ఎక్కదు.

ఈ లేత తీగకు వేప కూడా వద్దు, కుంకుడు నురుగే చాలంది కాకి. చల్లపూట అయ్యేదాకా ఆగి, కుంకుడుకాయలు నానబెట్టి, ఆ నురుగును నీళ్ళలో పలచగా కలిపారు. ముందు ఒక్క ఆకు మీద చల్లారు. మర్నాటి దాకా చూశారు. ఆకు బాగానే ఉంది. అప్పుడు మిగతా ఆకుల కింద కూడా చల్లి, మెత్తటి గుడ్డతో తుడిచారు. వానమ్మ పిల్లకు స్నానం చేయించినంత మెల్లగా తుడిచింది.

ఆ తీగ ఆకులన్నీ బాగుపడ్డాయి. మొగ్గ దగ్గర మాత్రం పేనుబంక మిగిలిపోయింది. అక్కడ ముట్టుకుంటే పిందె రాలిపోతుంది. రోజురోజుకీ అవి పిందె చుట్టూ పెరుగుతున్నాయి. ఏమీ చేయలేక వానమ్మ అన్నం మానేసింది.

ఒక పొద్దున ఆమె వెళ్ళి చూసేసరికి మొగ్గ దగ్గర కొత్తగా ఏవో పాకుతున్నాయి. నల్లటి పురుగులు. ఒంటి నిండా ముళ్ళు. మధ్యమధ్య నారింజ రంగు మచ్చలు. చూడగానే ఒళ్ళు జలదరించింది.

"మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, ఉన్నవి చాలవని ఇవి కూడానా!" అని వానమ్మ లోపలికి పరుగెత్తింది. మిరప రసం ముంత అడుగున ఇంకా కాస్త మిగిలి ఉంది. దాన్ని పట్టుకొచ్చి వేపమండ ముంచింది.

అంతలో ఒక అక్షింతల పురుగు ఎగిరివచ్చి మొగ్గ మీద వాలింది. ఎర్రటి గుండ్రటి వీపు, దాని మీద నల్ల చుక్కలు. గాభరాగా అటూ ఇటూ తిరిగింది. "వద్దమ్మా, వద్దు! అవి నా పిల్లలు!" అంది.

"నీ పిల్లలా?" అంది వానమ్మ. "నువ్వేమో ముద్దుగా ఉన్నావు. ఇవేమో ఇంత వికారంగా ఉన్నాయి. ఎవరు నమ్ముతారు? పక్కకు తప్పుకో!"

"అందరు పిల్లలూ అమ్మలాగే పుట్టరమ్మా. కొంచెం ఆగి చూడు. వాటి ఆకలి నీ ఆకు మీద కాదు."

వానమ్మ ఆగే స్థితిలో లేదు. మండ పైకెత్తింది. అప్పుడు పిల్ల వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకమ్మా వాటిని చంపుతున్నావు? ఏం చేశాయి?"

"కనపడటం లేదూ? ఒళ్ళంతా ముళ్ళే!"

పిల్ల తన చేతి మీదున్న చిన్న చిన్న ముళ్ళకేసి చూసుకుంది. అమ్మ వీపు మీది పెద్ద ముళ్ళకేసి చూసింది.

"మనకూ ఉన్నాయి కదమ్మా" అంది.

వానమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, ఆ అడవి తల్లులు తమ పిల్లలను లోపలికి లాక్కునేవారు. "ముళ్ళది, దగ్గరికి పోకు" అనేవారు. ఆ మాట విన్న రోజు ఆమె నీళ్ళకు కూడా బయటికి వెళ్ళలేదు. ఒక్క మేక మాత్రం వచ్చి, "లోపలికి రావచ్చా?" అని అడిగింది. ఇప్పుడు అదే మాట తన నోటి నుంచే వచ్చింది.

ఆమెకు సిగ్గేసింది. మండ కింద పెట్టింది. ముంతలో మిగిలిన రసాన్ని దూరంగా పారబోసి వచ్చి, పిల్ల పక్కన కూర్చుంది. "సరే, చూద్దాం" అంది. మనసులో మాత్రం దడదడలాడుతూనే ఉంది. పిందె పోతే? ఇదే ఆఖరి పిందె. అయినా కదలకుండా కూర్చుంది. మందు చల్లడం సులువర్రా, చల్లకుండా కూర్చోవడమే కష్టం.

ఒక ముళ్ళ పురుగుపిల్ల మెల్లగా పాకింది. ఆకు అంచు దాటింది. ఆకును కొరకలేదు. పిందె దగ్గరికి వెళ్ళింది. పిందెనూ కొరకలేదు. పక్కనున్న పేనుబంకను పట్టుకుని గబుక్కున తినేసింది. ఇంకొకటి తింది. దాని వెనకాల దాని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వరసపెట్టి పంక్తి భోజనానికి కూర్చున్నట్టు మొదలుపెట్టారు.

"అమ్మా, తింటున్నాయి! అవే తింటున్నాయి!" అని పిల్ల చప్పట్లు కొట్టింది.

వానమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అక్షింతల పురుగు వైపు తిరిగి, "నన్ను క్షమించు తల్లీ. నీ పిల్లలు బంగారం" అంది.

పైన కొమ్మ మీదున్న కాకి అందుకుంది. "కాకి పిల్ల కాకికి ముద్దు అని నన్ను ఆడిపోసుకుంటారు కానీ, ఎవరి పిల్లలు వాళ్ళకు ముద్దే!"

ఆ రోజు నుంచి వానమ్మ మొగ్గ దగ్గర ఏ మందూ చల్లలేదు. పిల్ల మాత్రం రోజూ పాదు కింద పడుకుని ఆ ముళ్ళ పిల్లలతో కబుర్లు చెప్పేది. పేనుబంక తరిగిపోయింది. ముళ్ళ పిల్లలు కడుపునిండా తిని, ఆకులకు అతుక్కుని, ముడుచుకుని నిద్రపోయాయి. లేచేసరికి అన్నీ ఎర్రగా, గుండ్రంగా, చుక్కలతో అచ్చం వాళ్ళమ్మలా ఉన్నాయి. ఒక సాయంత్రం మొగ్గ తెల్లగా విచ్చుకుంది. పిందె నిలిచింది, పెరిగింది, లేత సొరకాయ అయింది.

అడవి అంతా వానమ్మ ఇంటికి వచ్చింది. ఎలుగుబంటి పొయ్యి ముందు కూర్చున్నాడు. సొరకాయ కోరు, మేక ఇచ్చిన పాలు, ఆయన దాచుకున్న తేనె. ఆ రోజు ఆయన ఒక్క మిరపకాయ కూడా ముట్టుకోలేదు. చీమలు కూడా వచ్చి బూడిద గిరి అవతల మర్యాదగా కూర్చున్నాయి. వానమ్మ వాటికి ఆకులో పాయసం పెట్టింది.

"ఇక పేరు ఎవరు పెట్టాలి?" అని అడిగాడు ఎలుగుబంటి.

"నేను కాదు. నా మజ్జిగతో ఒరిగిందేమీ లేదు" అని మేక నవ్వింది.

"నేను కూడా కాదు" అంది కాకి. చెప్పడానికి కాస్త కష్టంగానే ఉంది దానికి.

అందరూ అక్షింతల పురుగు వైపు చూశారు. అది వచ్చి పిల్ల ముక్కు మీద వాలింది. దాని గొంతు ఎంత సన్ననిదంటే, వినడానికి అందరూ ఊపిరి బిగబట్టి వంగారు.

"నా పిల్లలను చూసి అందరూ వికారంగా ఉన్నాయన్నారు. ఈ పిల్ల ఒక్కతే తమలాంటివేనంది. ముళ్ళు చూసి కూడా దగ్గరికి వచ్చింది. అందుకని దీని పేరు చెలిమి" అంది.

చెలిమి. వానమ్మ ఆ పేరును మెల్లగా ఒకసారి అనుకుంది. తరువాత వాగు వైపు తిరిగి, ఎవరికో వినిపించాలన్నట్టు గట్టిగా అంది.

పాయసాలు అయ్యాక పిల్లలు దాగుడుమూతలకు పరుగెత్తారు. చెలిమి అలవాటుగా సొరపాదు కిందికి వెళ్ళి దాక్కుంది. వెల్లకిలా పడుకుని ఆకుల కిందికి చూసింది. ఆకులు శుభ్రంగా ఉన్నాయి. అడుగుల చప్పుడు దగ్గరయింది. ఒక చెయ్యి ఆకును పైకెత్తింది. అక్కడ గరిక ముఖం కనిపించింది.

"చెలిమీ, దొరికావ్!"

ఆటలో దొరికిపోతే ఎవరైనా ఉసూరుమంటారు. మన చెలిమి మాత్రం అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. నవ్వుతూ నవ్వుతూ గెంతుకుంటూ వెళ్ళి, "అమ్మా, నేను దొరికిపోయాను! నన్ను పట్టుకున్నారు!" అని వానమ్మ ఒళ్ళో పడింది. తల్లీకూతుళ్ళ ముళ్ళు ఒకరివి ఒకరికి గుచ్చుకున్నాయి. ఇద్దరూ పట్టించుకోలేదు.

నీతి: ఎంత ప్రేమతో వేసినా, జబ్బేమిటో చూడకుండా వేసిన మందు విషమే అవుతుంది, పై ముళ్ళను చూసి తొందరపడక, ఆగి చూసినవారికే హాని చేసేదెవరో మేలు చేసేదెవరో తెలుస్తుంది.